కామాఠీ, మద్రాసీ, కోరంగీ: మహానగరములందు తెలుగువారికి ఏర్పడిన పేర్లు

ఒక జనము తన్ను తాను పిలుచుకొను పేరు ఒకటి, ఇతరులు దానిని పిలుచు పేరు మరొకటి. స్వగ్రామమున ఉన్నంతకాలము ఈ భేదము తెలియరాదు. అచట మనుష్యుని ఇంటిపేరు, వృత్తి, కులము, బంధుత్వము అందరికిని తెలిసినవే. పొట్ట చేతబట్టుకొని పెద్ద నగరమునకు చేరినవానికి ఆ పరిచయములు ఉండవు. నగరము వానిని ఒక్క మాటతో గుర్తింపగోరును. ఆ మాట అతడు వచ్చిన దిక్కునుబట్టి కావచ్చును, ఓడ యెక్కిన రేవునుబట్టి కావచ్చును, చేసిన పనినిబట్టి కావచ్చును. అతని భాషనుబట్టి ఆ పేరు పెట్టుట అరుదు.

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి చరిత్రలో ఇట్టి పేర్లు పెక్కు కలవు. అవి చిన్న మాటలే. అయినను ఆ జనులు ఏ జాబితాలో చేరిరో, తోడివారు వారిని ఎట్లు చూచిరో, తుదకు వారు తెలుగువారుగా లెక్కకు వచ్చిరో లేదో నిర్ణయించుటలో ఆ మాటలకు పాలు కలదు. ముంబై నగరమును ప్రధానముగా గైకొని, చెన్నపట్టణము, రంగూను నగరములతో పోల్చుచు ఆ పేర్ల పుట్టుకను, ఫలితములను ఇచట పరిశీలింపవచ్చును.

ముంబైలో కామాఠీలు

ముంబై మొదట ఏడు దీవుల సమూహము. పోటు వేళల సముద్రజలము ఆ దీవుల నడుమకు చొరబడుచుండెను. 18వ శతాబ్ది చివరి పాదమున నిర్మింపబడిన హార్న్‌బీ వెల్లార్డు అను గొప్ప కట్ట మహాలక్ష్మి, వర్లీల నడుమనున్న గండిని మూసెను. కట్టకు లోపలనున్న పల్లపు నేలలు క్రమముగా ఆరి నివాసయోగ్యములైనవి. ఆ శతాబ్దాంతము నుండి నిజాము రాజ్యములోని తెలంగాణ ప్రాంతమునుండి వచ్చిన కట్టడపు పనివారు ఆ నేలలలో ఒకచోట గుడిసెలు వేసికొనిరి. నగరవాసులు వారిని కామాఠీలనిరి, వారి పేటను కామాఠీపురా అనిరి.

ఈ పదము పుట్టుకను గూర్చి భిన్నాభిప్రాయములు కలవు. పని అను నర్థముగల 'కామ్' శబ్దముతో దీనిని ముడిపెట్టువారు కొందరు, సేద్యమునకు సంబంధించిన 'కమతము'తో ముడిపెట్టువారు మరికొందరు. తెలంగాణమునందు సైతము 'కామాటి' యనగా కూలిపని చేయువాడనియే అర్థము. హైదరాబాదు పాతనగరమునందును కామాటిపుర అను పేట కలదు. దీనినిబట్టి ఆ మాట మొదట ఒక వృత్తినామమే కాని జాతినామము కాదని స్పష్టము. తెలుగుగడ్డపై పనికి పేరైన మాట ముంబైలో ఒక జనమునకే పేరైనది. అచటి కూలీలలో అధికులు తెలుగువారగుటచే పనిపేరు మనుష్యుల పేరుగా మారినది.

ఆ పేరు క్రింద చేరినవారు ఒక కులమువారు కారు. మున్నూరుకాపులు, పద్మశాలీలు, గొల్లలు, మాలలు, మాదిగలు మున్నగు పలు కులములవారు వారిలో నుండిరి. ఊరిలో ఒకే బావి నీరు త్రాగని కులములు నగరపు వాడుకలో ఒకే కులమైనవి. పరాయివారు దూరమునుండి చూచి పెట్టిన పేరు గనుక లోపలి భేదములు దానికి కానరాలేదు.

ఆ జనము కేవలము కూలికి మాత్రమే పరిమితమైనదనుకొనుట పొరపాటు. వారిలోనుండి గుత్తేదారులు, వర్తకులు, విద్యావంతులు బయలుదేరిరి. జ్యోతిరావు ఫూలే 1873 సెప్టెంబరు 24న పుణెలో సత్యశోధక సమాజమును స్థాపించెను. ముంబైలో ఆ ఉద్యమమునకు అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకు బాళాజీ కాళేవార్ మున్నగు తెలుగువారు ముఖ్యులు. మహారాష్ట్ర సంఘసంస్కరణ చరిత్రను చదువువారు ఈ పేర్లను తరచు చూచుచునే యుందురు. అవి తెలుగు పేర్లని వారిలో ఎందరు గుర్తింతురో చెప్పజాలము.

కామాఠీపురా పేరునకు మరొక దుర్గతి పట్టినది. 19వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి ఆ పేటలోని కొన్ని వీధులు వేశ్యావాటికలైనవి. కాలక్రమమున ఆ అర్థమే తక్కిన అర్థములన్నిటిని మ్రింగివేసినది. నగరమునకు మట్టి మోసి, రాయి పేర్చిన చేతుల జ్ఞాపకముగా నిలువవలసిన పేరు దేశమంతట ఒక అపకీర్తికి గుర్తైనది. ఆ అపకీర్తిలో ఆ తెలుగు కుటుంబములకు పాలు లేదు, దాని బరువు మాత్రము వారిదే. అచట పుట్టి పెరిగిన యువకుడు ఉద్యోగపు దరఖాస్తులో చిరునామా వ్రాయుటకు, పెండ్లి సంబంధము వచ్చినప్పుడు ఇల్లెక్కడో చెప్పుటకు సంకోచింపవలసి వచ్చుచున్నది.

మద్రాసీ అను రెండవ పేరు

ముంబైకి తెలుగువారు రెండు త్రోవల వచ్చిరి. మొదటిది నిజాము రాజ్యపు త్రోవ. రెండవది మద్రాసు రాజధాని త్రోవ. కోస్తా జిల్లాలును రాయలసీమయు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు మద్రాసులోనివే. ఆ ప్రాంతములనుండి గుమాస్తాలుగా, రైల్వే ఉద్యోగులుగా, ఉపాధ్యాయులుగా వచ్చినవారిని ముంబై నగరము తమిళ, కన్నడ, మలయాళ భాషీయులతో కలిపి మద్రాసీలనెను. ఇది పరిపాలనా విభాగమునుబట్టి వచ్చిన పేరు.

ఫలితమేమన, ఒకే భాష మాటాడువారు నగరమున రెండు పేర్లతో రెండు జనములైరి. ఒకరు కూలీల జాబితాలో కలిసిరి, ఒకరు దక్షిణాది గుమాస్తాల జాబితాలో కలిసిరి. రెండింటను తెలుగు అను మాట లేదు. ఆ పేర్లు తెచ్చిన ఎడము తెలుగువారి మనస్సులలోనికిని ప్రవేశించెను. తరువాత ఉద్యోగములకై వచ్చినవారిలో కొందరు తమకు ముందే శతాబ్దికి పైగా అచట నివసించుచున్నవారిని తమవారుగా గాక కామాఠీలుగానే చూచిరి. పరాయివాడు పెట్టిన పేరును సొంతవాడు వాడినప్పుడే అది నిజముగా స్థిరపడును.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మటను మద్రాసీ యను పేరు పోలేదు. అందలి ప్రమాదము 1966 తరువాత తెలియవచ్చెను. ఆ ఏట శివసేన యేర్పడి, ఉద్యోగములు స్థానికులకే దక్కవలెనని దక్షిణాదివారికి వ్యతిరేకముగా ఆందోళన సాగించెను. ఆ దినములలో దుకాణముపై రాయి విసరువానికి లోపలనున్నది తమిళుడో, తుళువుడో, తెలుగువాడో విచారించు పని లేకపోయెను. పేరు అందరికి ఒకటే గనుక దెబ్బయు అందరికి ఒకటే.

పద్మశాలీలు, వడారులు

బట్టల మిల్లులు పెరిగిన కొలది తెలంగాణపు నేతగాండ్రు పరేలు, వర్లీ ప్రాంతములకు పెద్ద సంఖ్యలో చేరిరి. సోలాపురము, భివండీ పట్టణములందు వారి జనసంఖ్య మరింత అధికము. వీరిని ఇతరులు పిలుచు పేరును, వీరు చెప్పుకొను పేరును ఒకటే: పద్మశాలి. భివండీలో వారు నివసించు పేట పేరు పద్మానగర్. కామాఠీపురా ఇతరులు పెట్టిన పేరు కాగా, ఇది కులనామమును నిలుపుకొన్న పేరు. వృత్తియు, కులసంఘమును, సొంతపేరును కలిసి నిలిచిన చోట భాషయు ఎక్కువకాలము నిలిచినది. 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత ముంబై మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడెను. నేతగాండ్ర కుటుంబములు చెదరెను. ఆ పేటల వెంట అల్లుకొనియున్న తెలుగు పలుకుబడియు చెదరెను.

వడ్డెరల కథ మరింత విచిత్రము. రాయి కొట్టుట, మట్టి త్రవ్వుట వీరి వృత్తి. దక్కను ప్రాంతమున చెరువులు, కోటలు, రహదారులు, రైలుకట్టలు వీరి శ్రమచే లేచినవి. వీరి పేరు ఓఢ్రదేశమును, అనగా ఒడిశాను సూచించునని పలువురి అభిప్రాయము. వీరు ఇంట మాటాడునది తెలుగు. మహారాష్ట్రమున వీరు వడార్లు, కర్ణాటకమున వడ్డరులు లేక భోవీలు, తమిళనాట ఒట్టర్లు లేక బోయర్లు. ఒకే జనము మూడు రాష్ట్రములలో మూడు పేర్లతో మూడు జాబితాలలో ఉన్నది. బ్రిటిషు ప్రభుత్వము 1871లో చేసిన నేరజాతుల చట్టము అనేక సంచార వృత్తులవారికి పుట్టుకతోనే నేరస్థులను పేరు అంటగట్టినది. ఆ చట్టము 1952లో రద్దైనది. నేడు మహారాష్ట్రములో వడార్లు విముక్త జాతుల జాబితాలోనివారు. విముక్తుడనుటయు ఒకప్పటి సంకెలను గుర్తుచేయు పేరే కదా.

జనగణనలో వీరి భాష 'వడారి' యను పేర వేరుగా నమోదై, తరువాత తెలుగు అను శీర్షిక క్రిందికి చేర్పబడుచున్నది. 2001 లెక్కలలో ఇట్లు వడారి తమ మాతృభాషయని చెప్పినవారు లక్షకు పైబడి కలరు. తమ భాషకు కులము పేరే చెప్పినవారు ఇందరు ఉండగా, తెలుగు సంఘములలో వారి ముఖములు ఎన్ని కనబడుచున్నవో సంఘముల పెద్దలు ఆలోచింపవలెను.

చెన్నపట్టణమున జెంటూలు

చెన్నపట్టణమునకు పేరు తెలుగు పాలకుల మూలముననే వచ్చినది. 1639లో ఇంగ్లీషు వర్తకులకు అచట స్థలమిచ్చినవారు దామెర్ల వంశీయులు. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేర పట్టణము వెలసినది. అయినను ఇంగ్లీషువారి పత్రములలో తెలుగువారు చాలకాలము తెలుగువారు కారు, జెంటూలు. క్రైస్తవేతరుడను అర్థముగల పోర్చుగీసు పదమునుండి ఈ మాట పుట్టినది. అట్లే తమిళులు ఆ పత్రములలో మలబారులు. కలకత్తాలో అదే జెంటూ శబ్దము హిందువులందరికి వర్తించెను. 1776లో హాల్హెడ్ ప్రకటించిన హిందూ ధర్మశాస్త్ర సంగ్రహమునకు ఆంగ్లమున జెంటూ న్యాయసంహిత యనియే పేరు. ఒకే మాట ఒక నగరమున మతమునకు, మరొక నగరమున భాషకు పేరైనదన్నమాట.

ఈ పేరు పోవుటకు గల కారణము గమనింపదగినది. 1816లో ఎ. డి. క్యాంప్‌బెల్ ప్రకటించిన వ్యాకరణము పేరులో తెలుగు అను మాట ముందును, జనులు జెంటూ అందురను మాట తరువాతను ఉన్నవి. భాషను నేర్చి, దాని వ్యాకరణమును, నిఘంటువును వ్రాయవలసి వచ్చినప్పుడు దాని సొంతపేరు అవసరమైనది. 19వ శతాబ్ది గడచుకొలది జెంటూ మరుగుపడినది. పరాయిపేరును పోగొట్టినది కోపము గాని వాదము గాని కాదు, భాషాపరిచయము.

తమిళులు తెలుగువారిని పూర్వమునుండి వడుగరనిరి. వడక్కు, అనగా ఉత్తరము, ఆ దిక్కునుండి వచ్చినవారని దాని భావము. ఇందు తిరస్కారము లేదు. నాయుడు, నాయకర్, రెడ్డియార్, చెట్టియార్ మున్నగు గౌరవనామములే తరువాత గుర్తులైనవి. అందువలన పలు కుటుంబములు కులనామముచే గుర్తింపబడి, భాషచే గుర్తింపబడుట మానినవి. ఇటీవలి కాలమున గొల్టి యను ఎగతాళి మాటయు వినవచ్చుచున్నది. తెలుగు అను పదమును తలక్రిందులు చేసి ఇది కల్పింపబడినదని వాడుక. 2011 జనగణన ప్రకారము చెన్నై జిల్లాలో నూటికి తొమ్మండుగురికి పైగా తెలుగు మాతృభాషయని చెప్పిరి.

రంగూను కోరంగీలు

యానాము వాసులకు కోరంగి పొరుగూరు. గౌతమీ తీరమున ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు, నౌకావ్యాపారమునకు ప్రసిద్ధికెక్కిన ఆ రేవు 1789లోను, 1839లోను వచ్చిన తుపానులచే నాశనమైనది. రేవు పోయినను పేరు సముద్రము దాటి బర్మాలో నిలిచెను. ఆ పిమ్మట విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి ఓడలెక్కినవారిని సైతము, వారు శ్రీకాకుళమువారైనను గోదావరివారైనను, రంగూను నగరము కోరంగీలనియే పిలిచెను. ఆ పేరు పలుకు కంఠమున చులకన ధ్వనించెడిది. అది రేవులో బస్తాలు మోయువాడు, వరిమిల్లులో పనివాడు, రిక్షా లాగువాడు అను అర్థమును పొందెను. అచట ఉపాధ్యాయులు, వర్తకులు ఐన తెలుగువారును ఆ పేరును తప్పించుకొనలేకపోయిరి.

1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మె చేయగా వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె ముగిసి తెలుగువారిని మరల పిలిచి, బర్మీయులను పంపివేయగా ఘర్షణ చెలరేగెను. అది నగరమున భారతీయులపై దాడులుగా మారి వందమందికి పైగా మరణించిరి. కూలి తగవు జాతి తగవుగా మారుటకు ఆ పేరు సిద్ధముగా నుండెను. 1941 డిసెంబరున జపాను విమానములు రంగూనుపై బాంబులు వేయుటతో వేలకొలది కుటుంబములు తరలివచ్చెను. 1962 తరువాత సైనిక ప్రభుత్వము వర్తకమును జాతీయము చేయగా మరికొందరు వచ్చిరి.

అట్లు వచ్చిన కాందిశీకులకు స్వదేశమున లభించిన పేరు 'బర్మావారు'. విశాఖపట్టణమున బర్మా క్యాంపు ఇప్పటికిని ఆ పేరుతోనే యున్నది. రంగూనులో కోరంగీ, విశాఖలో బర్మావాడు. ఒకచోట పుట్టినచోటు గుర్తు, మరొకచోట బ్రతికినచోటు గుర్తు. రెండుచోట్లను అతడు ఆ చోటివాడు కాడనియే ఆ పేర్ల సారము. పాలమూరు పల్లెలలో ముంబై పనులకు పోయివచ్చు కుటుంబములను 'బొంబాయివాళ్లు' అనుటయు ఇట్టిదే. కావున పేరు పెట్టుట నగరవాసుల దోషము మాత్రమే కాదు, తెలుగువారును ఆ పని చేయుచునే యున్నారు.

పేర్ల స్వభావము

ఇంతవరకు చూచిన పేర్లన్నిటికి మూడు గుణములు సమానముగా కలవు. మొదటిది, అవి వేర్వేరు జనులను ఒకటిగా కలుపును. కామాఠీ శబ్దము కులములను, మద్రాసీ శబ్దము భాషలను ఇట్లే కలిపెను. రెండవది, అవి ఒకే జనమును విడదీయును. ముంబై తెలుగువారు ఇరుపేర్లవారగుటయు, వడ్డెరలు మూడు పేర్లవారగుటయు ఇందుకు నిదర్శనములు. మూడవది, అవి పుట్టిన కారణము నశించిన పిమ్మటను నశింపవు. కోరంగి రేవు శిథిలమైనను, మద్రాసు రాజధాని అంతరించినను ఆ పేర్లు సాగెను. ఉత్తరదేశమున 'తిలంగా' అను మాట ఇంకను ముందునకు పోయెను. 18వ శతాబ్దిలో దక్షిణమునుండి వంగదేశమునకు పోయిన సిపాయిలకు ఏర్పడిన ఆ పేరు, తరువాత తెలుగు ఒక్కముక్క రాని అవధ్ సిపాయికిని అంటుకొనెను. 1857లో ఢిల్లీ పౌరులు తిరుగుబాటు సిపాయిలను తిలంగాలనియే పిలిచిరి. పేరు జనమును విడిచి తనంత తాను బ్రతుకగలదు.

జనగణనలోని ప్రశ్న

ఇతరులు పెట్టిన పేర్ల నడుమ మనుష్యుని నోటినుండియే సమాధానము కోరు తావు ఒకటి కలదు. అది జనగణన పత్రములోని మాతృభాష యను గడి. బాల్యమున తల్లి బిడ్డతో మాటాడిన భాషయే మాతృభాషయని జనగణన నిర్వచనము. బజారులో మాటాడు భాష, బడిలో చదివిన భాష, ఇరుగుపొరుగు భాష అచట అక్కరలేదు. ఇంటనున్న ప్రతి వ్యక్తికిని వేరువేరుగా ఈ ప్రశ్న వర్తించును.

ఈ గడి విలువ సామాన్యము కాదు. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. ముంబై మహానగరపాలిక తెలుగు మాధ్యమమునను పాఠశాలలు నడిపినది. బడి కావలెనన్న బిడ్డల సంఖ్య చూపవలెను, సంఖ్య చూపవలెనన్న లెక్కలో పేరుండవలెను. మహారాష్ట్రమున తెలుగు మాతృభాషగా చెప్పినవారు 2001లో సుమారు 14 లక్షలు కాగా, 2011లో సుమారు 13 లక్షలు. అదే దశాబ్దిలో దేశమున తెలుగువారి మొత్తము సంఖ్య 7 కోట్ల 40 లక్షలనుండి 8 కోట్ల 11 లక్షలకు పెరిగినది. నాందేడు, చంద్రపురము ప్రాంతములందు ఇంటిపేరు చివర 'వార్' గల కుటుంబములు అనేకము. అది తెలుగు 'వారు' శబ్దమే. ఇంటిపేరున తెలుగు నిలిచి, ఇంటిలో తెలుగు సన్నగిల్లిన కుటుంబములు వానిలో పెక్కు కలవు.

2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడి, 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గైకొని జరుగునట్లు 2025లో ప్రకటన వెలువడినది. ఈసారి కులమును కూడ నమోదు చేయుదురు. కులనామము చెప్పి ఊరకుండు అలవాటు గల కుటుంబములు భాషను గూర్చియు స్పష్టముగా చెప్పుట అవసరము. కులము చెప్పినంత మాత్రమున భాష చెప్పినట్లు కాదు.

ప్రవాసాంధ్ర సంఘములు చేయదగిన పని ఇందు కలదు. ఉగాది సభలకు వచ్చువారే తెలుగువారని యెంచక, కామాఠీపురా గల్లీలకు, వడ్డెరల గుడిసెలకు, కట్టడముల వద్ద బసచేయు పాలమూరు కూలీల వద్దకు పోయి, ఆ గడిలో ఏమి వ్రాయించవలెనో వారి భాషలో చెప్పవలెను. బలవంతము అక్కరలేదు. మరాఠీయే తన భాషయైనదని నమ్మినవాడు అట్లే చెప్పుట న్యాయము. తల్లి తెలుగున జోలపాడినదని యెరిగియు, ఆ మాట చెప్పవచ్చునని ఎరుగనివానికి మాత్రము ఎరుకపరుపవలెను.

జెంటూ శబ్దము పోయి తెలుగు శబ్దము నిలిచిన చరిత్ర ఇందుకు ధైర్యమిచ్చును. కామాఠీ యను పేరును దాచుకొననక్కరలేదు. అది నగరమును కట్టిన శ్రమకు పేరు. ఆ శ్రమ చేసినవారి భాష ఏదియో చెప్పు మాటను దాని ప్రక్కన వ్రాయించుట నేటి తరము చేతిలోని పని.